షరతులు రాయవలసినదెవరు? క్లాసు, ఇంటర్‌ఫేసులపై ఒక సంవాదం

సమాచారాన్నీ, ఆ సమాచారంపై జరగవలసిన పనులనూ ఒకేచోట కట్టి ఉంచి, అలాంటి కట్టలను ఆబ్జెక్టులుగా వ్యవహరిస్తూ ప్రోగ్రాము రాసే పద్ధతికి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అని పేరు. ఒక రకం ఆబ్జెక్టులు ఏ సమాచారాన్ని దాచుకుంటాయో, ఏ పనిని ఎలా చేస్తాయో వివరించే నమూనా క్లాసు. ఆ పనుల్లో ఒక్కొక్కటి ఒక మెథడు. నార్వేకు చెందిన ఓలే-యొహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిములా 67 భాషతో క్లాసు అనే భావన ప్రోగ్రామింగులోకి వచ్చింది. ఇంటర్‌ఫేస్ చాలా తర్వాతిది. మెథడు పేరు, అది తీసుకునే విలువల రకాలు, తిరిగి ఇచ్చే విలువ రకం, ఈ మూడింటినీ కలిపి సిగ్నేచర్ అనుకుంటే, సిగ్నేచర్లను మాత్రమే ప్రకటించి, పని ఎలా జరగాలన్నది చెప్పకుండా వదిలేసేది ఇంటర్‌ఫేస్. అందులోని మెథడ్లన్నిటినీ రాసి ఇచ్చిన క్లాసు ఆ ఇంటర్‌ఫేసును ఇంప్లిమెంట్ చేసినట్టు లెక్క. ఆబ్జెక్టివ్-సీ భాషలోని ప్రోటోకాల్ అనే ఏర్పాటు నుంచి ఈ భావనను తీసుకుని, 1996లో వెలువడిన జావా దీన్ని ప్రోగ్రామర్లందరికీ పరిచయం చేసింది.

ఈ రెండింటి పొత్తు ఎలా ఉండాలన్న విషయంలో ప్రోగ్రామర్లలో రెండు పక్షాలున్నాయి. క్లాసును నేరుగా ముట్టుకోకూడదు, దాని ముందు ఒక ఇంటర్‌ఫేస్ నిలవాలని ఒక పక్షం అంటే, క్లాసు ఉండగా ఇంటర్‌ఫేస్ ఎందుకని మరో పక్షం అడుగుతుంది. కింది సంవాదంలో మొదటి పక్షం తరఫున ఇంటర్‌ఫేస్‌వాది, రెండో పక్షం తరఫున క్లాసువాది మాట్లాడతారు. ఉదాహరణలు ఎక్కువగా జావా నుంచే రావడానికి కారణం, ఈ భావన మంచిచెడ్డలు మూడు దశాబ్దాలుగా, ఎవరైనా తెరిచి చూడగల లైబ్రరీ కోడులో నమోదై ఉన్న చోటు అదే కావడం.

క్లాసువాది: ఓ మాదిరి జావా ప్రాజెక్టును తెరిస్తే తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. ఆర్డర్‌సర్వీస్ అనే ఇంటర్‌ఫేస్ ఒక ఫైలులో ఉంటే, అదే పేరుకు ఇంప్ల్ అనే తోక తగిలించుకున్న ఆర్డర్‌సర్వీస్‌ఇంప్ల్ అనే క్లాసు మరో ఫైలులో ఉంటుంది. మొదటిదాంట్లోని మెథడ్లే రెండోదాంట్లోనూ అవే పేర్లతో, చాలాసార్లు అదే వరుసలో కనిపిస్తాయి. ఆ ఇంటర్‌ఫేసును ఇంప్లిమెంట్ చేసే రెండో క్లాసు ప్రాజెక్టు మొదలైననాడు లేదు, మూతపడేనాటికీ రాదు. ఒక మెథడుకు పారామీటర్ ఒకటి చేర్చాలంటే రెండు ఫైళ్లు మార్చాలి. కోడు చదివేవారు పిలుపు మీద నొక్కితే లోపల ఏమీ లేని ప్రకటన దగ్గరికి చేరి, అక్కడి నుంచి అసలు క్లాసును మళ్లీ వెతుక్కోవాలి. మంచి పద్ధతి అన్న పేరుతో, ప్రయోజనమేమిటో ఎవరూ చెప్పకుండా సాగుతున్న ఈ తంతును ఆచారమనాలే తప్ప శాస్త్రమనలేం.

ఇంటర్‌ఫేస్‌వాది: ఆ తంతును సమర్థించడం ఈ పక్షం పని కాదు గానీ, దాని పుట్టుక తెలియకుండా దాన్ని నిందించడమూ తగదు. 2000లో వచ్చిన జావా 1.3 డైనమిక్ ప్రాక్సీ అనే సౌకర్యాన్ని ఇచ్చింది. అంటే, ప్రోగ్రాము నడుస్తుండగానే ఒక ఆబ్జెక్టు ముందు మరో ఆబ్జెక్టును కాపలాగా నిలిపి, పిలుపు లోపలికి వెళ్లే ముందు డేటాబేసు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, పిలుపు తిరిగి వచ్చాక దాన్ని ముగించే వీలు కలిగింది. అలాంటి కాపలాను జావా తనంత తానుగా తయారుచేయగలిగింది ఇంటర్‌ఫేసులకు మాత్రమే. 2004లో మొదటి పూర్తి విడుదల పొందిన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ ట్రాన్సాక్షన్లను ప్రధానంగా ఈ దారిలో నడిపింది కాబట్టి, ప్రతి సర్వీసు క్లాసుకూ ఒక ఇంటర్‌ఫేసును జతచేయడం ఆనాటికి అక్కరకొచ్చిన ఏర్పాటే. క్లాసు నుంచే ఉపక్లాసును పుట్టించి కాపలా పెట్టే మరో పద్ధతి కూడా అప్పటికే ఉంది. 2018లో స్ప్రింగ్ బూట్ 2.0 ఆ రెండో పద్ధతినే, వేరేగా ఏమీ చెప్పకపోతే అమలయ్యేదిగా చేసింది. దాంతో కారణం పోయి అలవాటు మిగిలింది.

క్లాసువాది: అయితే వాదం మొదలుకాకముందే ఓటమి ఒప్పుకున్నట్టేనా?

ఇంటర్‌ఫేస్‌వాది: ఒప్పుకున్నది ఒక దురలవాటు సంగతి. టెండరు పత్రాన్ని పని కావలసినవారు రాయాలి. అలా కాక, ఒక కాంట్రాక్టరు తన షెడ్డులో ఉన్న యంత్రాల జాబితా ముందు పెట్టుకుని షరతులు తానే రాసి ఇస్తే, ఆ టెండరుకు అర్హుడు అతనొక్కడే అవుతాడు. అది ఎందుకు పిలిచిన టెండరో చూసినవారందరికీ తెలిసిపోతుంది. ఆర్డర్‌సర్వీస్‌ఇంప్ల్‌ను చూసి రాసిన ఆర్డర్‌సర్వీస్ ఆ జాతికి చెందినది. మార్టిన్ ఫౌలర్ ఈ రెండు రకాలనూ వేరు చేసి, ఒక క్లాసు బయటికి చూపే మెథడ్లన్నిటినీ అచ్చుగుద్దిన దాన్ని హెడర్ ఇంటర్‌ఫేస్ అనీ, వాడుకునేవారి ఒక అవసరం మేరకే రాసిన దాన్ని రోల్ ఇంటర్‌ఫేస్ అనీ పిలిచారు. మీరు ఖండించినది మొదటిదాన్ని. ఈ పక్షం నిలబెట్టదలచినది రెండోదాన్ని.

క్లాసువాది: పేర్లు వేరైనంత మాత్రాన పని వేరు కాదు. పని చూపాలి.

ఇంటర్‌ఫేస్‌వాది: బ్యాంకు లావాదేవీకి వచ్చే ఓటీపీ అయిదు నిమిషాలే చెల్లుతుందనుకుందాం. గడువును సరిచూసే క్లాసు తన లోపల నుంచే కంప్యూటరు గడియారాన్ని అడిగితే, నాలుగు నిమిషాల యాభై తొమ్మిదో సెకనులో అది సరిగా ప్రవర్తిస్తుందా, సరిగ్గా అయిదో నిమిషం నిండిన క్షణంలో ఏమంటుంది అన్న రెండు ముఖ్యమైన ప్రశ్నలను పరీక్షించడానికి టెస్టు రాసేవారు నిజంగానే అయిదు నిమిషాలు కాచుకోవాలి, లేదా యంత్రం గడియారాన్నే మార్చాలి. గడియారాన్ని బయటి నుంచి చేతికి అందిస్తే ఆ ఇబ్బంది పోతుంది. అసలు ప్రోగ్రాములో నిజమైన గడియారం, టెస్టులో కోరిన క్షణం దగ్గర ఆగిపోయిన గడియారం ఇస్తే చాలు. డిపెండెన్సీ ఇంజెక్షన్ అనే పెద్ద పేరు వెనక ఉన్న చిన్న సంగతి ఇదే: క్లాసు తనకు కావలసిన సాయాన్ని తానే తెచ్చుకోకుండా, బయటివారు తెచ్చి ఇవ్వడం. ఆ క్లాసుకు కావలసినది ‘ఇప్పుడు ఏ క్షణం’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు. ఆ జవాబు ఎవరిస్తారన్నది దానికి అక్కరలేదు.

క్లాసువాది: ఉదాహరణ చక్కనిదే, కానీ సాక్ష్యం ఇటువైపు పలుకుతోంది. 2014లో జావా 8తో వచ్చిన జావా.టైమ్ లైబ్రరీలో క్లాక్ అన్నది ఇంటర్‌ఫేస్ కాదు, అబ్‌స్ట్రాక్ట్ క్లాసు. కొన్ని మెథడ్లను పూర్తిగా రాసి, మరికొన్నిటిని ఉపక్లాసులకు వదిలేసిన అసంపూర్ణ క్లాసునే అలా అంటారు. ఆగిపోయిన గడియారాన్ని ఇచ్చే ఫిక్స్‌డ్ అనే మెథడు కూడా ఆ క్లాక్ క్లాసులోనే ఉంది. ఓటీపీ క్లాసును పరీక్షించడానికి అది చాలు. పైగా మోకిటో వంటి పరికరాలు మామూలు క్లాసులకు కూడా నకిలీలు తయారుచేసి ఇస్తున్నాయి. కనుక టెస్టుల కోసం ఇంటర్‌ఫేస్ తప్పనిసరి అన్న మాట పాతబడింది.

ఇంటర్‌ఫేస్‌వాది: ఆ కథ 2014తో ఆగలేదు. క్లాక్‌కు ఉపక్లాసు రాయదలచినవారు మూడు మెథడ్లు రాయాలి: క్షణం చెప్పేది ఒకటి, టైమ్‌జోన్ చెప్పేది ఒకటి, మరో టైమ్‌జోనుతో కొత్త గడియారం ఇచ్చేది ఇంకొకటి. ఓటీపీ గడువుకు హైదరాబాదు సమయమా, న్యూజెర్సీ సమయమా అన్న ప్రశ్నే లేదు, అయినా గడియారం రాసేవారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పితీరాలి. ఏడేళ్ల తర్వాత, 2021లో జావా 17 ఇన్‌స్టంట్‌సోర్స్ అనే ఇంటర్‌ఫేసును చేర్చింది. అందులో తప్పక రాయవలసిన మెథడు ఒక్కటే, అది ప్రస్తుత క్షణాన్ని ఇచ్చేది. క్లాక్ క్లాసే ఇప్పుడు ఆ ఇంటర్‌ఫేసును ఇంప్లిమెంట్ చేస్తోంది. తయారుచేసినవారి దృష్టితో గీసిన రూపం పెద్దదయింది, వాడేవారి దృష్టితో గీసినది ఒక్క మెథడుకు దిగింది. వాడుక తేల్చిచెప్పినందువల్లనే లైబ్రరీ రూపకర్తలు దాన్ని తర్వాత చేర్చవలసి వచ్చింది.

క్లాసువాది: అబ్‌స్ట్రాక్ట్ క్లాసును చిన్నదిగా రాసుకోకూడదని ఎవరన్నారు? ఒక్క మెథడుతోనే రాయవచ్చు కదా.

ఇంటర్‌ఫేస్‌వాది: రాయవచ్చు. కానీ జావాలో ఒక క్లాసుకు తల్లి క్లాసు ఒకటే ఉంటుంది, ఇంటర్‌ఫేసులు ఎన్నయినా ఉండవచ్చు. బైట్లను చదివే ఇన్‌పుట్‌స్ట్రీమ్, బైట్లను రాసే అవుట్‌పుట్‌స్ట్రీమ్ రెండూ మొదటి విడుదల నుంచీ అబ్‌స్ట్రాక్ట్ క్లాసులు. ఒకే ఫైలులో ఎక్కడ కావాలంటే అక్కడ చదవగల, రాయగల రాండమ్‌యాక్సెస్‌ఫైల్ ఆ రెండింటికీ ఒకేసారి సంతానం కాలేదు. అందువల్ల ఇన్‌పుట్‌స్ట్రీమ్ కోరే మెథడుకు రాండమ్‌యాక్సెస్‌ఫైల్‌ను నేరుగా ఇవ్వడానికి నేటికీ వీలులేదు, మధ్యలో ఒక తొడుగు రాయాలి. అదే క్లాసు డేటాఇన్‌పుట్, డేటాఅవుట్‌పుట్ అనే రెండు ఇంటర్‌ఫేసులను మాత్రం ఇంప్లిమెంట్ చేయగలిగింది. చదవడం, రాయడం అన్నవి పాత్రలు. వాటిని వంశాలుగా గీస్తే ఇలాగే అవుతుంది.

క్లాసువాది: సీ++ భాష ఆ గీతను చెరిపింది. 1989లో వచ్చిన దాని 2.0 విడుదల నుంచి ఒక క్లాసుకు ఇద్దరు తల్లులు ఉండవచ్చు.

ఇంటర్‌ఫేస్‌వాది: ఉండవచ్చు, ఆ ఇద్దరికీ ఒకే అమ్మమ్మ ఉంటే ఆమె దాచుకున్న సమాచారం మనవరాలికి ఒక ప్రతిగా చేరాలా, రెండు ప్రతులుగా చేరాలా అన్న చిక్కు కూడా ఉండవచ్చు. వజ్రాకారపు బొమ్మ వల్ల దానికి డైమండ్ సమస్య అని పేరు వచ్చింది. వర్చువల్ బేస్ క్లాసు అని వేరే ఏర్పాటు చేసి దాన్ని పరిష్కరించారు గానీ, ఆ ఏర్పాటును సరిగా వాడడం తేలిక కాదు. ఇంటర్‌ఫేస్ ఏ సమాచారాన్నీ దాచుకోదు కనుక అక్కడ ఆ ప్రశ్న తలెత్తదు.

క్లాసువాది: తలెత్తదని 2014 వరకు చెప్పుకోవచ్చు. ఇంటర్‌ఫేసులో మెథడుకు శరీరం కూడా రాయనిచ్చే డిఫాల్ట్ మెథడ్లను జావా 8 తెచ్చింది. 2019లో సీ# 8 కూడా అదే దారి పట్టింది. ఇంటర్‌ఫేస్ అంటే ప్రకటనలు మాత్రమేనన్న మూల నిర్వచనాన్ని దాని పక్షంవారే చెరిపేశారు. ఎందుకు చెరపవలసి వచ్చిందో కూడా చెప్పాలి.

(ఈ ప్రశ్నకు ఇంకో ప్రయోజనం ఉంది. అమీర్‌పేట కోచింగు తరగతుల నుంచి కంపెనీ ఇంటర్వ్యూల దాకా వినిపించే ‘అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకూ ఇంటర్‌ఫేసుకూ తేడా ఏమిటి’ అన్న ప్రశ్నకు, ఇంటర్‌ఫేసులో మెథడు శరీరం ఉండదన్న జవాబును బట్టీపట్టినవారు ఇంకా ఉన్నారు. ఆ జవాబు 2014 మార్చిలో చెల్లకుండా పోయింది. నేటికీ నిలిచిన తేడా ఫీల్డులది: ఒక్కో ఆబ్జెక్టుకు వేరువేరుగా ఉండే సమాచారాన్ని ఇంటర్‌ఫేస్ దాచుకోలేదు, అబ్‌స్ట్రాక్ట్ క్లాసు దాచుకోగలదు.)

ఇంటర్‌ఫేస్‌వాది: చెప్పడంలో దాపరికమేమీ లేదు. జాబితాలు, సమితులు వంటి సముదాయాలన్నిటికీ మూలమైన కలెక్షన్ ఇంటర్‌ఫేస్ 1998లో జావా 1.2తో, జాషువా బ్లాక్ చేతుల మీదుగా వచ్చింది. లాంబ్డా అనే పొట్టి ఫంక్షన్లు భాషలోకి వచ్చినప్పుడు ప్రతి సముదాయానికీ స్ట్రీమ్ అనే కొత్త మెథడు చేర్చవలసి వచ్చింది. శరీరం లేకుండా చేరిస్తే, అప్పటికి పదిహేనేళ్లుగా ప్రపంచంలో ఎవరెవరో ఆ ఇంటర్‌ఫేసును ఇంప్లిమెంట్ చేసి రాసుకున్న క్లాసులు కొత్త జావా మీద కంపైల్ కావు. అందుకని శరీరంతో సహా చేర్చారు. రెండు ఇంటర్‌ఫేసుల నుంచి ఒకే సిగ్నేచర్ ఉన్న రెండు డిఫాల్ట్ మెథడ్లు వస్తే ఏది కావాలో క్లాసు రాసినవారే స్పష్టంగా చెప్పాలని కంపైలర్ నిలదీస్తుంది, కనుక సీ++లోని అయోమయం ఇక్కడికి రాలేదు.

క్లాసువాది: అయోమయం రాకపోవచ్చు, బరువు మాత్రం బయటపడింది. క్లాసుకు ఒక మెథడు చేర్చడం మామూలు పని. ప్రకటించిన ఇంటర్‌ఫేసుకు చేర్చడమంటే ముక్కూమొహం తెలియని జనానికి కొత్త పని పురమాయించడం. మైక్రోసాఫ్ట్ కామ్ పద్ధతిలో ఒకసారి బయటికి వచ్చిన ఇంటర్‌ఫేసును ఎన్నటికీ మార్చకూడదన్నదే నియమం. అందుకే ఐక్లాస్‌ఫ్యాక్టరీ పక్కన ఐక్లాస్‌ఫ్యాక్టరీ2 పుట్టింది. మార్పును తేలిక చేస్తుందని పొగిడే ఇంటర్‌ఫేసే ఆ వ్యవస్థ మొత్తంలో మార్చడానికి వీల్లేని భాగమయింది. డేవిడ్ పార్నాస్ 1972లో రాసిన వ్యాసంలోని సూత్రం ప్రకారం, మారే అవకాశమున్న నిర్ణయాన్ని మాడ్యూలు లోపల దాచాలి. రేపు ఏది మారుతుందో ఈరోజు తెలియనప్పుడు, తెలిసినట్టు నటిస్తూ ఒక గీత గీసి దానికి శాశ్వతత్వం ఇవ్వడం ఎంతవరకు సబబు?

ఇంటర్‌ఫేస్‌వాది: ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానం లేదు, తగ్గించుకునే మార్గం మాత్రం ఉంది. గీత ఎంత చిన్నదైతే మారవలసిన అవసరం అంత తక్కువ. 2009లో గూగుల్ ప్రకటించిన గో భాషలో రీడర్ అనే ఇంటర్‌ఫేసుకు రీడ్ అనే ఒక్క మెథడే ఉంది. ఫైలు, నెట్‌వర్క్ కనెక్షన్, జిప్ విప్పే పరికరం, మెమరీలోని అక్షరాల వరుస, అన్నీ రీడర్లే. పైగా ఆ భాషలో ఇంప్లిమెంట్ చేస్తున్నట్టు ప్రకటించనక్కరలేదు, మెథడు సరిపోతే సరిపోయినట్టే. కాబట్టి వాడుకునేవారు తమ ఫైలులోనే తమకు కావలసిన ఇంటర్‌ఫేసును రాసుకుంటే, దాని పేరైనా వినని పాత కోడు కూడా అందులో ఇమిడిపోతుంది. పైథాన్ 3.8 కూడా 2019లో ప్రోటోకాల్ అన్న పేరుతో ఈ వీలును కల్పించింది. టెండరు పత్రం కావలసినవారి చేతికి వచ్చినది ఈ భాషల్లోనే.

క్లాసువాది: ఇప్పుడు అసలు ఆక్షేపణ. ఇంటర్‌ఫేసును ఒప్పందమని పిలుస్తున్నారు గానీ, ఆ ఒప్పందంలో కంపైలర్ సరిచూసేది పేర్లనూ రకాలనూ మాత్రమే. జావాలో రెండు వస్తువుల వరుసను తేల్చే కంపేరేటర్ అనే ఇంటర్‌ఫేసుకు తప్పక రాయవలసిన మెథడు ఒకటి ఉంది: మొదటి వస్తువు చిన్నదైతే రుణసంఖ్య, సమానమైతే సున్న, పెద్దదైతే ధనసంఖ్య ఇవ్వాలి. మొదటిదాంట్లోంచి రెండోది తీసివేసి ఆ తేడాను తిరిగి ఇచ్చే పొట్టి దారిని చాలామంది పట్టారు. జావాలో ఇంట్ అనే పూర్ణసంఖ్య గరిష్ఠంగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే పట్టుతుంది. 200 కోట్లనూ, మైనస్ 200 కోట్లనూ పోల్చితే తేడా 400 కోట్లు కావాలి, కానీ పరిమితి దాటి చుట్టు తిరిగి మైనస్ 29 కోట్ల 49 లక్షల 67 వేల 296 అవుతుంది. అంటే 200 కోట్లు మైనస్ 200 కోట్ల కంటే చిన్నదని తీర్పు వస్తుంది! 200 కోట్లు సున్న కంటే పెద్దదని, సున్న మైనస్ 200 కోట్ల కంటే పెద్దదని కూడా అదే మెథడు చెబుతుంది. ఆ మెథడు సిగ్నేచర్ నిక్కమైనది, కంపైలర్ నోరు మెదపదు, ఇంటర్‌ఫేస్ ఇంప్లిమెంట్ అయినట్టే లెక్క.

ఇంటర్‌ఫేస్‌వాది: ఆ తప్పు రాసినవారిది.

క్లాసువాది: ఒప్పందం పట్టుకోలేని తప్పు. 2011లో జావా 7 వచ్చేవరకు పాత మెర్జ్ సార్ట్ ఇలాంటి కంపేరేటర్లను మౌనంగా భరించి, తప్పు వరుసలు ఇచ్చి ఊరుకుంది. జావా 7 దాని స్థానంలో టిమ్‌సార్ట్ అనే కొత్త క్రమీకరణ పద్ధతిని పెట్టింది. పోలికల్లో వైరుధ్యం కనబడినప్పుడు, పోలిక మెథడు తన సాధారణ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని అది ఎక్సెప్షన్ విసిరి ప్రోగ్రామును ఆపేసేది. ఒక్క అక్షరం మార్చని కోడు, జావా మార్చగానే కూలిపోయింది. పాత పద్ధతికి తిరిగి వెళ్లడానికి ఒక సెట్టింగును కూడా ఇవ్వవలసి వచ్చింది. ఆ ఒప్పందం ఎక్కడ రాసి ఉంది? డాక్యుమెంటేషన్ వ్యాఖ్యల్లో, ఇంగ్లిషు వాక్యాల్లో. ఇంటర్‌ఫేస్ అనే కోడులో లేదు.

ఈ చోట సంవాదం కొంత ఆగడం న్యాయం, ఎందుకంటే క్లాసువాది చెప్పిన మాటల్లో బరువైనది ఇదే. ఇంటర్‌ఫేసును సమర్థించే పుస్తకాలు సాధారణంగా పేర్ల సరిపోలికతో ఆగిపోతాయి. నిజమైన ఒప్పందం పేర్లకు వెనక ఉండే ప్రవర్తన. బార్బరా లిస్కోవ్ 1987 నాటి ప్రసంగంలో లేవనెత్తి, 1994లో జానెట్ వింగ్‌తో కలిసి రాసిన వ్యాసంలో పకడ్బందీగా నిర్వచించిన విషయం అదే: తల్లి రకం గురించి నిజమని నమ్ముకున్న ప్రవర్తన పిల్ల రకం విషయంలో కూడా నిజం కావాలి. ఈ కొలతతో చూస్తే జావా సొంత లైబ్రరీలోనే అతుకులు కనిపిస్తాయి. లిస్ట్ ఇంటర్‌ఫేసులో వస్తువును చేర్చే యాడ్ మెథడు ఉంది, కానీ జావా 9 నుంచి ఉన్న లిస్ట్.ఆఫ్ ఇచ్చే జాబితాలో యాడ్ పిలిస్తే ఆ పని చేయబడదన్న ఎక్సెప్షన్ వస్తుంది. సెట్ ఇంటర్‌ఫేసును ఇంప్లిమెంట్ చేసే క్లాసుల్లో రెండు హ్యాష్‌సెట్, ట్రీసెట్. బిగ్‌డెసిమల్ రకంలో 2.5, 2.50 అనే రెండు మొత్తాలను వేస్తే మొదటిదాంట్లో రెండు అంశాలు ఉంటాయి, రెండోదాంట్లో ఒకటే ఉంటుంది. హ్యాష్‌సెట్ సమానత్వాన్ని దశాంశ స్థానాలతో సహా చూస్తే, ట్రీసెట్ విలువను మాత్రమే పోల్చుతుంది. ఇంటర్‌ఫేస్ ఒక్కటే అయినా లెక్క మారింది, డబ్బు లెక్కలు చూసే ప్రోగ్రాముల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఇంటర్‌ఫేస్‌వాది: పై ఉదాహరణల్లో కాదనగలిగినది ఒక్కటీ లేదు. అయితే, ఆ జబ్బు ఇంటర్‌ఫేసుది మాత్రమేనా? ప్రాపర్టీస్ అనే జావా క్లాసు అక్షరాల జతలను మాత్రమే దాచాలి. హ్యాష్‌టేబుల్ క్లాసుకు ఉపక్లాసుగా పుట్టినందువల్ల దాంట్లో ఏ వస్తువునైనా పెట్టే పుట్ మెథడు కూడా వారసత్వంగా వచ్చింది, అలా పెట్టినదాన్ని ఫైలులో భద్రపరచబోతే ఎక్సెప్షన్ వస్తుంది. స్టాక్ క్లాసు వెక్టర్‌కు ఉపక్లాసు, కనుక పైనుంచి మాత్రమే తీయవలసిన, పెట్టవలసిన దొంతరలో మధ్యలోకి కూడా వస్తువును దూర్చవచ్చు. క్లాసు వారసత్వం ప్రవర్తనను కాపాడకపోగా, అడగని ప్రవర్తనను అంటగట్టింది. కంపేరేటర్ విషయంలో తప్పు దొరికాక సరిచేసే దారి అయినా చిన్నది: సంఖ్యలను సరిగా పోల్చే ఇంటీజర్.కంపేర్ మెథడు అదే జావా 7లో చేరింది, దాన్ని పిలిస్తే చాలు.

క్లాసువాది: రోగం ఇద్దరిదీ అంటే మందు దొరికినట్టు కాదు.

ఇంటర్‌ఫేస్‌వాది: మందు కొంత ఉంది. ఇంటర్‌ఫేసుతో పాటే దాని ప్రవర్తనను పరీక్షించే టెస్టుల కట్టను రాసి, దాన్ని ఇంప్లిమెంట్ చేసే ప్రతి క్లాసునూ ఆ కట్ట మీదుగా నడిపించాలి. గో రీడరుకు ఒక సన్నని షరతు ఉంది: రీడ్ మెథడు కొన్ని బైట్లను ఇస్తూనే, సమాచారం ముగిసిందన్న సూచనను కూడా అదే పిలుపులో ఇవ్వవచ్చు, కాబట్టి పిలిచినవారు ముందు బైట్లను వాడుకుని ఆ తర్వాతే సూచనను పట్టించుకోవాలి. దీన్ని ఏ కంపైలరూ చెప్పలేదు. 2021లో గో 1.16 టెస్ట్‌రీడర్ అనే ఫంక్షనును ప్రామాణిక లైబ్రరీలోనే చేర్చింది. ఎవరు కొత్త రీడర్ రాసినా దానికి అప్పజెప్పి ప్రవర్తనను సరిచూసుకోవచ్చు. జావా సముదాయాల కోసం గూగుల్ వారి గ్వావా లైబ్రరీతో వచ్చే టెస్టుల కట్ట కూడా ఇదే పని చేస్తుంది. అలాంటి కట్టలేని ఇంటర్‌ఫేసును సగం రాసిన ఒప్పందమనవచ్చు, ఆ మాటకు ఈ పక్షం అడ్డుచెప్పదు.

వేగం గురించిన పాత వాదం ఒకటుంది, ఇంటర్‌ఫేస్ ద్వారా పిలుపు నెమ్మదిగా సాగుతుందని. ఒక పిలుపు దగ్గర ఒకే క్లాసు కనిపిస్తుంటే జావా నడిపే హాట్‌స్పాట్ యంత్రాంగం దాన్ని నేరుగా పిలుపుగా మార్చేస్తుంది, కనుక సాధారణ వ్యాపార ప్రోగ్రాముల్లో ఈ వాదానికి చోటులేదు; ఇద్దరు వాదులూ దాన్ని ఎత్తకపోవడం వారి విజ్ఞత.

క్లాసువాది: చివరిగా, డేటాబేసులతో మాట్లాడే జేడీబీసీని ఇంటర్‌ఫేసుల ఘనతకు సాక్ష్యంగా చూపుతుంటారు.

ఇంటర్‌ఫేస్‌వాది: చూపదగినదే. 1997 నుంచి కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ అన్నవి జావా వైపు ఇంటర్‌ఫేసులుగా ఉన్నాయి. వాటిని ఇంప్లిమెంట్ చేసే క్లాసులను డేటాబేసు తయారీదారులు ఎవరివి వారు రాసి ఇస్తున్నారు. రాసేవారు చాలామంది, ఒకరికొకరు తెలియనివారు, వాడేవారు మరీ ఎక్కువమంది. ఇంటర్‌ఫేసుకు ఇంతకంటే తగిన చోటు ఉండదు.

క్లాసువాది: అయినా ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారినవారిని అడిగితే తెలుస్తుంది. ఖాళీ అక్షరవరుసను ఒరాకిల్ ‘విలువ లేదు’ అనే నల్‌గా తీసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ రెండింటినీ వేరుగా చూస్తుంది. మధ్యపేరు ఖాళీగా వదిలేసిన ఖాతాదారులను వెతికే క్వెరీ ఒకచోట ఇచ్చిన జాబితాను మరోచోట ఇవ్వదు. కనెక్షన్ ఇంటర్‌ఫేస్ రెండు చోట్లా ఒక్కటే.

ఇంటర్‌ఫేస్‌వాది: ఆ తేడా ఎస్‌క్యూఎల్ వాక్యంలో దాగింది, ఇంటర్‌ఫేస్ ఆ వాక్యాన్ని అక్షరాల వరుసగా మోసింది తప్ప దాని అర్థానికి పూచీ పడలేదు. ఆ పూచీ కావాలంటే ‘మధ్యపేరు లేని ఖాతాదారులను ఇవ్వు’ అని అడిగే ఇంటర్‌ఫేసును ఆ బ్యాంకు ప్రోగ్రామే, తన అవసరం కొద్దీ రాసుకోవాలి. షరతులు వాడేవారు రాయాలన్న మొదటి మాట ఇక్కడా నిలుస్తుంది.

క్లాసువాది: అంతా అయ్యాక పని చేసేవారికి ఒక కొలబద్ద కావాలి. రేపు రెండో క్లాసు వస్తుందేమోనన్న భయంతోనే కదా ఈరోజు ఇంటర్‌ఫేసులు రాస్తున్నది?

ఇంటర్‌ఫేస్‌వాది: రేపు వస్తే రేపే రాయవచ్చు. ఇంటెలిజె, ఎక్లిప్స్ వంటి ఎడిటర్లు ఉన్న క్లాసులోంచి ఎంచిన మెథడ్లతో ఇంటర్‌ఫేసును తీసి, దాన్ని వాడే చోట్లను కూడా మార్చిపెడతాయి. కాకపోతే ఒక షరతు ఉంది: పిలిచే కోడంతా ఒకే ప్రాజెక్టులో ఉండాలి. జావా కంపైలర్ క్లాసు పిలుపునూ, ఇంటర్‌ఫేస్ పిలుపునూ రెండు వేర్వేరు ఆదేశాలుగా రాస్తుంది కాబట్టి, బయటివారు వాడుతున్న లైబ్రరీలో ఒక క్లాసును అదే పేరుతో ఇంటర్‌ఫేసుగా మారిస్తే, అప్పటికే కంపైలై ఉన్న వారి ప్రోగ్రాములు నడుస్తూ నడుస్తూ అక్కడ కూలిపోతాయి.

ఈ ఒక్క వాస్తవం దగ్గర ఇద్దరి దారులూ కలుస్తాయి. సొంత ప్రాజెక్టు లోపల క్లాసుతోనే మొదలుపెట్టడం సరైనది. ఇతరులకు ఇవ్వబోయే లైబ్రరీలో, లేదా ఇతరులు క్లాసులు రాసి తగిలించవలసిన చోట, ఇంటర్‌ఫేసును ముందే తేల్చుకుని, దానితో పాటు టెస్టుల కట్టను కూడా ఇవ్వాలి. వృత్తిలో ఉన్న పాఠకులు తమ ప్రాజెక్టులో ఇంప్ల్ తోకతో ముగిసే ఫైళ్లను ఒకసారి వెతికి, ప్రతిదానికీ రెండో క్లాసు ఏదో, దాన్ని ఎవరు రాస్తారో చెప్పగలరేమో చూసుకోవాలి. చెప్పలేని చోట ఆ ఇంటర్‌ఫేసును తీసివేసి, దాని పేరును క్లాసుకే ఇచ్చేయవచ్చు.